పరీక్ష వేరు, శిక్ష వేరు

ఇటీవల మా కేంద్రమునకు వచ్చిన ఉత్తరములలో ఒకటి చాల రోజులు మా బల్లమీదనే ఉండిపోయినది. వ్రాసినవారు పదవీ విరమణ చేసిన ఒక బడిపంతులుగారు. వారి కుమార్తె బి.కాం. చదివి, పట్నములో ఒక వర్తక సంస్థయందు లెక్కల విభాగమున ఆరు నెలల ప్రొబేషనుమీద చేరినది. ఐదవ నెల నడుచుచుండగా ఒకనాటి సాయంకాలము పై అధికారి ఆమెను పిలిచి, "మీ పని మాకు తృప్తికరముగా లేదు. మీరే రాజీనామా వ్రాసి ఇచ్చినచో మర్యాదగా ఉండును. లేనిచో మేమే తొలగించవలసివచ్చును" అని చెప్పినారట. ఆ పిల్ల ఆ రాత్రియే బస్సెక్కి ఇల్లు చేరినది. కాగితముమీద ఇంకను సంతకము చేయలేదు. పంతులుగారు ఇట్లు వ్రాసినారు: "అయ్యా, ఉద్యోగము పోవునని మాకు అంత బెంగ లేదు. మరియొకటి దొరకకపోదు. కాని అప్పుడే వీధిలోవారు 'ఏమి చేసినదో, ఊరకే పంపుదురా' అనుచున్నారు. ప్రొబేషనులో ఉన్నవారికి హక్కులు అనునవి ఏవైనను ఉన్నవా, లేవా?"

ఈ ప్రశ్న వారి ఒక్కరిదే కాదు. ఏటేట ఎందరో యువకులు, యువతులు కచేరీలలోను, కర్మాగారములలోను, బ్యాంకులలోను, బడులలోను ప్రొబేషనుమీద చేరుచున్నారు. నియామకపు ఉత్తరువు అందిననాడు దానిని దేవుని పటము ముందు ఉంచి దండము పెట్టువారే గాని, అందలి రెండవ పుటను చదువువారు అరుదు. చదువవలసిన సంగతి ఆ రెండవ పుటలోనే ఉండును. నేటి ప్రసంగమున ఆ పుటను శ్రోతలతో కలిసి చదువవలెనని మా సంకల్పము.

ప్రొబేషను అనగా పరిశీలన కాలము. పరిపాలనా పరిభాషలో దీనికి 'పరివీక్ష' అను మాట కలదు. స్థిరమైన పదవిలో ఒకరిని తాత్కాలికముగా నిలిపి, వారి పనితనమును, నడవడిని కొంతకాలము గమనించి, తగినవారని తోచినచో ఖాయపరచుట, తగరని తోచినచో పంపివేయుట దీని పద్ధతి. ఇందులో అన్యాయమేమియు లేదు. సంతలో ఎద్దును కొనదలచిన రైతు నాలుగు సాళ్లు దున్నించి చూచును. కుదరకపోయినచో తిరిగి అప్పగించును. కాని అప్పగించుచు దాని కొమ్ము విరిచి పంపడు. "ఇది పొడుచు ఎద్దు" అని ఊరంతయు చాటడు. అట్లు చాటినచో, ఆ మాటను రుజువు చేయుమని అమ్మినవాడు అడుగును. అడుగుట న్యాయము.

మన దేశమున ప్రొబేషనును గూర్చిన న్యాయమంతయు ఇంచుమించు ఈ పోలికలోనే ఇమిడియున్నది. యజమానికి పరీక్షించు అధికారము కలదు. పరీక్ష పేర శిక్షించు అధికారము లేదు. శిక్షింపదలచినచో శిక్షకు తగిన విచారణ జరుపవలెను. ఈ గీత ఎక్కడ గీయబడినది, దానికి ఇటు నిలిచినవారికి ఏమి దక్కును, అటు నిలిచినవారికి ఏమి దక్కును అనునదియే మనము తెలిసికొనవలసిన విషయము.

మొదట ప్రభుత్వోద్యోగుల సంగతి. రాజ్యాంగములోని 311వ అధికరణము ప్రకారము, ప్రభుత్వోద్యోగిపై మోపిన ఆరోపణలను అతనికి తెలిపి, సమాధానము చెప్పుకొనుటకు తగిన అవకాశమిచ్చి, విచారణ జరిపినగాని అతనిని బర్తరఫు చేయుటకు గాని, తొలగించుటకు గాని, హోదా తగ్గించుటకు గాని వీలులేదు. ఈ రక్షణ ఖాయమైనవారికేనా, ప్రొబేషనులోనివారికి కూడనా? ఈ ప్రశ్నకు 1957 నవంబరు 1వ తేదీన సుప్రీంకోర్టు ఒక రైల్వే ఉద్యోగి కేసులో సమాధానము చెప్పినది. న్యాయవాదులు దానిని ధింగ్రా తీర్పు అందురు. ఆ కేసులో ఉద్యోగి గెలువలేదు. ఐనను తీర్పులోని సూత్రము నిలిచినది. ప్రొబేషనులో ఉన్నవారికి ఆ పదవిపై హక్కు ఏర్పడలేదు. కావున నియమానుసారముగా ప్రొబేషను ముగించి పంపివేయుట శిక్ష కాదు. కాని దుష్ప్రవర్తన వంటి నేరమును మోపి, దానికి ప్రతిఫలముగా పంపివేసినచో అది శిక్షయే. అప్పుడు 311వ అధికరణపు రక్షణ ప్రొబేషనులోనివారికి కూడ వర్తించును.

సూత్రము తెలిసిన వెంటనే దానిని తప్పించుకొను ఉపాయము కూడ కనిపెట్టబడినది. నేరము సంగతి ఎత్తకుండ, "ప్రొబేషను ముగించడమైనది" అని ఒక్క వాక్యము వ్రాసినచో సరిపోవును గదా! దీనికి 1974లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము షంషేర్ సింగు కేసులో అడ్డుకట్ట వేసినది. ఆ కేసులో న్యాయము కోరి వచ్చినవారు ఇరువురును పంజాబులోని క్రింది కోర్టుల న్యాయాధికారులు. ఒకరికి తీర్పు చెప్పుటయే వృత్తిగా గలవారికి కూడ తమ విషయమున తమ మాట వినుమని పై కోర్టు మెట్లు ఎక్కవలసివచ్చినది. ఉత్తరువులోని మాటల పైరూపమునే గాక, దాని వెనుకనున్న అసలు సంగతిని కూడ కోర్టు చూడవచ్చునని ఆ తీర్పు సారాంశము. ఆ ఇరువురి తొలగింపులును రద్దయినవి.

ఇట్టిదే మరియొకటి మన హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో జరిగినది. 1981 జూన్ 22వ తేదీ ఉదయము 5 గంటల 50 నిమిషములకు వ్యాయామ శిక్షణకు హాజరు కావలసిన ప్రొబేషనరులు ఇంచుమించు ఇరువది రెండు నిమిషములు ఆలస్యముగా వచ్చినారు. అందరినుండియు సంజాయిషీలు తీసికొన్నారు. వారిలో అనూప్ జైస్వాల్ అను యువకుడు దీనికి నాయకత్వము వహించెనని అధికారులు భావించినారు. ఆ సంవత్సరము నవంబరులో అతనిని ఉద్యోగమునుండి విడుదల చేయుచు ఉత్తరువు వెలువడినది. ఉత్తరువులో నిందావాక్యము ఒక్కటియు లేదు. కాని 1984లో సుప్రీంకోర్టు ఆ తెర తొలగించి చూచినది. ఆనాటి సంఘటనయే తొలగింపునకు మూలమని, అది నిజమో కాదో విచారణలో తేల్చకుండ పంపివేయుట శిక్షించుటయేనని నిర్ణయించి, ఆ ఉత్తరువును కొట్టివేసినది.

ఐతే ప్రతి తొలగింపు వెనుకను ఏదో ఒక అసంతృప్తి ఉండకపోదు గదా? అసంతృప్తి ఉన్నంతమాత్రమున అది శిక్ష యగునా? ఈ చిక్కుముడిని విప్పినవారిలో మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావుగారు ముఖ్యులు. 1998 డిసెంబరులోను, 1999లోను వారు వ్రాసిన రెండు తీర్పులు నేటికిని న్యాయవాదుల చేతిలో దివిటీలవలె ఉన్నవి. ప్రేరణ వేరు, పునాది వేరు అని అందలి విభజన. ఒక గుమాస్తాపై డబ్బు తారుమారు చేసినాడని ఫిర్యాదు వచ్చినదనుకొందము. అధికారి ఆ ఫిర్యాదు జోలికి పోక, "ఇట్టి గొడవలెందుకు, ఇతని పనియు అంతంతమాత్రమే" అని ప్రొబేషను ముగించినచో ఫిర్యాదు ప్రేరణ మాత్రమే. ఆ ఉత్తరువు చెల్లును. అట్లుగాక, అతని వెనుక విచారణ జరిపి, "ఇతడు దోషి" అని తేల్చుకొని, ఆ తేల్చిన మాటమీదనే పంపివేసినచో అది పునాది. ఆ ఉత్తరువు చెల్లదు. మరియొక ముఖ్యమైన మాట కూడ 1999 తీర్పున ఉన్నది. కళంకము ఉత్తరువులోనే ఉండనక్కరలేదు. ఉత్తరువు పేర్కొన్న వేరొక కాగితములో ఉన్నను కళంకమే. రేపు కొత్త యజమాని ఆ కాగితమును కూడ అడిగి చూచును గదా!

ఇక్కడ మన పంతులుగారి ఉత్తరమునకు సంబంధించిన ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. "పని తృప్తికరముగా లేదు" అను మాట కళంకము కాదు. లక్నోలోని ఒక వైద్యవిద్యా సంస్థకు చెందిన కేసులో 2001లో సుప్రీంకోర్టు దీనిని స్పష్టపరచినది. తగినవారు కారని చెప్పి పంపునపుడు, ఎంత మెత్తగా చెప్పినను, కొంత నొప్పి తగులకపోదు. ఆ మాత్రమునకే తొలగింపు శిక్ష కాజాలదు. సాధారణముగా పూర్తి విచారణ జరుగుట, అది దుష్ప్రవర్తనను గాని నీతిబాహ్యమైన పనిని గాని గూర్చినదగుట, చివరకు దోషి యని తేల్చుట అను మూడును కలిసినపుడే అది శిక్ష యని ఆ తీర్పు చెప్పినది. కావున హక్కు కలదని చెప్పునప్పుడే దాని ఎల్లను కూడ చెప్పవలెను. లేని ఆశ చూపుట శ్రోతలకు మేలు కాదు.

ఐనను, తృప్తికరముగా లేని సంగతి చివరినాడే తెలియవలెనా? 1989లో తాత్కాలికోద్యోగమున ఉన్న ఒక వైద్యురాలి కేసులో సుప్రీంకోర్టు దీనిని గూర్చియే మాటలాడినది. లోపమేదో ఎప్పటికప్పుడు చెప్పినగదా దిద్దుకొనుటకు వీలగును! చెప్పకుండ కాలము గడిపి, తటాలున తొలగించుట న్యాయము కాదని దాని భావము. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర, సబార్డినేటు సర్వీసు నిబంధనలు 1996లో వచ్చినవి. వాని ప్రకారము నేరుగా నియమితులైనవారికి మూడేండ్ల కాలములో రెండేండ్లు డ్యూటీలో గడుపుట ప్రొబేషను. పనితనము చాలదని తోచినచో దానిని ఒక ఏడాదికి మించకుండ పొడిగింపవచ్చును. లేదా ఒక నెల నోటీసు గాని, దానికి బదులు ఒక నెల వేతనము గాని ఇచ్చి విడుదల చేయవచ్చును. కారణమును వ్రాతలో నమోదు చేయవలెను.

ఇక గడువు ముగిసినంతమాత్రమున ఉద్యోగము దానంతట అదే ఖాయమగునా? చాలమంది అగుననియే నమ్ముదురు. సాధారణముగా కాదు. ఖాయపరచుచు ఉత్తరువు రానంతవరకు ప్రొబేషను సాగుచున్నట్లే. కాని నిబంధనలు ఇంతకు మించి పొడిగింపరాదని ఒక గరిష్ఠ పరిమితిని విధించినచో, ఆ పరిమితి దాటిన పిదప కూడ పనిచేయనిచ్చినవారిని ఖాయపరచినట్లే భావింపవలెనని 1968లో పంజాబు ఉపాధ్యాయుల కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. ఉత్తరువు ఎంత విలువైనదో మన రాష్ట్రముననే ఇటీవల చూచినాము. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామ, వార్డు సచివాలయములలో లక్షకు పైగా యువతీయువకులు నెలకు రూ. 15,000 మీద చేరినారు. 2021 అక్టోబరుకు రెండేండ్లు నిండినవి. ఉత్తరువు రాలేదు. 2022 జనవరిలో వారు నిరసనలకు దిగినారు. 2022 జూలై నుండి గాని స్కేలు జీతము అందలేదు. రెండేండ్లు నిండుట ఒకటి, నిండినవని కాగితముమీద వ్రాయించుకొనుట మరియొకటి.

ఇంతవరకు చెప్పినది ప్రభుత్వమునకు, ప్రభుత్వ సంస్థలకు చెందినది. ప్రైవేటు సంస్థలలో 311వ అధికరణము వర్తింపదు. అక్కడ మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి. ఉద్యోగి చట్టము దృష్టిలో కార్మికుడా, కాదా? గనిలోను, మిల్లులోను చెమటోడ్చువారే కార్మికులని అనుకొనరాదు. గుమాస్తా పని, సాంకేతికపు పని చేయువారు కూడ కార్మికులే. యాజమాన్యపు హోదాలో ఉన్నవారు కారు. పర్యవేక్షణ హోదాలో ఉండి నెలకు రూ. 18,000కు మించి పొందువారును కారు. ఉద్యోగపు పేరు ఎంత గొప్పదైనను, చేయు పనియే లెక్క.

కార్మికుల విషయమున 1964 నాటి న్యాయ నివేదికలలో అచ్చయిన ఒక సుప్రీంకోర్టు తీర్పు గుర్తుంచుకొనదగినది. అది ఒక వార్తాపత్రిక ఉద్యోగిది. ఆరు నెలల ప్రొబేషను అని మాత్రమే వ్రాసి, మరే షరతును పెట్టనిచో, దుష్ప్రవర్తన గాని, స్థిరోద్యోగినైనను తొలగించుటకు చాలునంతటి కారణము గాని లేకుండ ఆరు నెలలకు ముందే పంపివేయు హక్కు యజమానికి లేదు. ఆరు నెలలు ముగిసినపుడు పని నచ్చనిచో పంపవచ్చును. ఐతే ఇప్పటి నియామకపు ఉత్తరువులలో "ప్రొబేషను కాలములో ఎప్పుడైనను ఇన్ని దినముల నోటీసుతో ముగింపవచ్చును" అను షరతు తరచు కనబడుచున్నది. అది ఉన్నచో సంగతి మారును. రెండవ పుటను చదువుమని మేము మొదట చెప్పినది ఇందులకే.

మన మచిలీపట్నములోని జీవిత బీమా డివిజను నుండి సుప్రీంకోర్టు వరకు పోయిన ఒక కేసు దీనికి తార్కాణము. ప్రొబేషనులో ఉన్న ఒక డెవలప్‌మెంటు అధికారి నిర్ణయించిన మేరకు బీమా వ్యాపారము తీసికొనిరాలేకపోయినాడు. ప్రొబేషను పొడిగించిరి. అప్పటికిని కాలేదు. తొలగించిరి. ఏడాదికి మించి పనిచేసినాను గనుక రిట్రెంచిమెంటు నియమముల ప్రకారము నోటీసు, పరిహారము ఇవ్వవలెనని అతడు వాదించినాడు. 1994లో కోర్టు ఒప్పుకొనలేదు. నియామకపు షరతు ప్రకారము ముగించిన ఉద్యోగము రిట్రెంచిమెంటు కాదని చెప్పినది. షరతు ఎంత బలమైనదో దీనివలన తెలియును.

చట్టములు కూడ ఇటీవల మారినవి. 1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టము, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము పోయి, 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడు 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పూర్వపు నమూనా స్టాండింగు ఆర్డర్లలో, మూడు నెలల సర్వీసు నిండనివారే ప్రొబేషనరులని ఉండెడిది. కొత్త కోడు ప్రకారము మూడు వందలకు తక్కువ గాక కార్మికులున్న సంస్థలకే స్టాండింగు ఆర్డర్లు తప్పనిసరి. చిన్న సంస్థలలో చేరువారికి నియామకపు ఉత్తరువే స్టాండింగు ఆర్డరు అనుకొనవలెను.

ఐతే దుకాణములలోను, వర్తక సంస్థలలోను పనిచేయువారికి మన రెండు తెలుగు రాష్ట్రములలోను వేరొక అండ కలదు. అది 1988 నాటి షాపుల, సంస్థల చట్టము. అందలి 47వ సెక్షను ప్రకారము, ఆరు నెలలకు తక్కువ గాక ఎడతెగక పనిచేసిన ఉద్యోగిని తగిన కారణము లేకుండ, ఒక నెల వ్రాతపూర్వకమైన నోటీసు గాని, అందుకు బదులు వేతనము గాని ఇవ్వకుండ తొలగింపరాదు. దుష్ప్రవర్తన కారణమని చెప్పినచో విచారణ జరిపి సాక్ష్యము నమోదు చేయవలెను. తొలగింపుపై అప్పీలు కూడ చేసికొనవచ్చును. ఈ సెక్షను ఆరు నెలలను లెక్కించునే గాని, ప్రొబేషనరా, స్థిరోద్యోగియా అని అడుగదు. యజమానులు ఆరు నెలలు నిండకమునుపే తొందరపడుటకు ఇదియు ఒక కారణము కావచ్చును. ఐ.టి. వంటి కొన్ని రంగములకు ప్రభుత్వములు ఈ చట్టములోని కొన్ని సెక్షనులనుండి మినహాయింపు ఇచ్చుచుండును గనుక, తమ సంస్థ సంగతిని ఎవరికి వారు విచారించుకొనవలెను.

కార్మికులు కాని పై తరగతి ప్రైవేటు ఉద్యోగులకు ఒప్పందమే దిక్కు. ఇష్టము లేని యజమానిచేత బలవంతముగా ఉద్యోగమిప్పించుటకు కోర్టులు సాధారణముగా పూనుకొనవు. ఒప్పందము మీరినచో నష్టపరిహారము లభించును. అదియు తరచు నోటీసు కాలపు జీతమునకు మించదు.

ఇక అందరికిని, చేరిన మొదటి దినమునుండియే చెందు హక్కులు కొన్ని కలవు. ప్రొబేషనులో ఉన్నంతమాత్రమున వీనిలో ఒక్కటియు తరిగిపోదు. పనిచేసిన దినముల వేతనము ఉద్యోగిది. 2019 నాటి వేతనముల కోడు ప్రకారము తొలగించినను, తానే రాజీనామా చేసినను, రెండు పనిదినములలోగా బాకీ వేతనము చెల్లింపవలెను. ప్రావిడెంటు ఫండు వర్తించు సంస్థలో ప్రొబేషనరులకు మినహాయింపు లేదు. పనిచేయు చోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు 2013 నాటి చట్టము ఉద్యోగి అను మాటకు అర్థము చెప్పుచు ప్రొబేషనరును, శిక్షణలో ఉన్నవారిని పేరుపెట్టి చేర్చినది. పై అధికారి మాట కాదన్నందుకు పని బాగుగా లేదని వ్రాయించుకొన్న ఆడపిల్ల ఈ సంగతి తప్పక తెలిసికొనవలెను.

మాతృత్వము కూడ అట్టిదే. జీవిత బీమా సంస్థలో ఆరు నెలల ప్రొబేషనుపై చేరిన ఒక యువతిని 1990లో, ప్రసూతి సెలవులో ఉండగా, ఉద్యోగమునుండి విడుదల చేసినారు. చేరునపుడు నింపిన పత్రములో గర్భము సంగతి చెప్పలేదని అసలు కారణము. ఆ పత్రమును తెప్పించి చూచిన సుప్రీంకోర్టు, ఆడువారిని నెలసరి మొదలగు విషయములు అడుగు గడులు సిగ్గుచేటని పలికి, 1991లో ఆమెను తిరిగి ఉద్యోగమున చేర్చుకొనుమని ఆదేశించినది. ఆ గడులను తొలగింపుమని కూడ చెప్పినది. ఒక ప్రొబేషనరు పోరాటము వలన ఆమె వెనుక వచ్చినవారందరికిని ఆ అవమానము తప్పినది.

ఇప్పుడు ఆచరణలోని సంగతులు కొన్ని. నియామకపు ఉత్తరువు ప్రతిని ఇంటిలో భద్రపరచవలెను. అందులో ప్రొబేషను ఎన్ని నెలలు, పొడిగించు అధికారము కలదా, నోటీసు ఎన్ని దినములు అను మూడింటి క్రింద గీత గీయవలెను. పని బాగున్నదని గాని, బాగులేదని గాని పై అధికారి చెప్పిన ప్రతి మాటకు తేదీ వేసి వ్రాసికొనవలెను. నోటితో చెప్పిన లోపమును "మీరు చెప్పినట్లు దిద్దుకొనుచున్నాను" అని మెయిలు రూపమున తిరిగి పంపుట మంచిది. అది వినయమునకు వినయము, సాక్ష్యమునకు సాక్ష్యము.

రాజీనామా వ్రాయుమన్నపుడు అక్కడికక్కడే వ్రాయరాదు. ఒకటి రెండు దినములు గడువు అడుగవలెను. స్వయముగా వ్రాసిన రాజీనామా చట్టము దృష్టిలో స్వయముగా మానివేసినదే. బలవంతముగా వ్రాయించినారని రుజువు చేయు భారము వ్రాసినవారిపైననే పడును. అట్లని రాజీనామా ఎన్నడును తగదని మేము చెప్పుట లేదు. మరియొక ఉద్యోగము చేతిలో ఉన్నవారికి అదియే మేలు కావచ్చును. కాని అది భయముచేత గాక, ఆలోచనచేత జరుగవలెను. వేతనపు బాకీ, పనిచేసిన కాలమునకు ధ్రువపత్రము, ప్రావిడెంటు ఫండు వివరములు వ్రాతలో అడుగవలెను. అన్యాయము జరిగినదని తోచినచో కార్మికశాఖవారి వద్దకు గాని, న్యాయవాది వద్దకు గాని జాగు చేయక పోవలెను. ఖర్చు భరింపలేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలు కలవు. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ అక్కడ ఉచిత న్యాయసహాయము లభించును.

యజమానులకు కూడ ఒక మనవి. కొత్తవారిని పరీక్షించు హక్కు మీకు కలదు. ఐతే ప్రశ్నపత్రము చూపకుండ పరీక్ష పెట్టుట ఎక్కడను లేదు. ఏమి ఆశించుచున్నారో మొదటి నెలలోనే చెప్పుడు. మూడవ నెలలో ఒకసారి కూర్చుండబెట్టి లోపమేదో తెలుపుడు. చివరకు పంపవలసియే వచ్చినచో, ఆ మాట మీరే మీ పేరుతో కాగితముమీద వ్రాసి పంపుడు. తొలగించు భారము తొలగింపబడువారి చేతనే మోయించుట మర్యాద కాదు.

పంతులుగారూ, మీ ప్రశ్నకు మా సమాధానము ఇది. మీ అమ్మాయికి ఆ ఉద్యోగము నిలుపుకొను హక్కు గట్టిది కాదు. ఆమె ఉత్తరువులో ముందుగా ముగింపవచ్చునను షరతు లేనిచో, ఆరు నెలలు నిండువరకు పని చేయనిమ్మని అడుగవచ్చును. షరతు ఉన్నచో, అందులో వ్రాసిన నోటీసు గాని, దాని జీతము గాని కోరవచ్చును. పనిచేసిన దినముల వేతనమును ఎవ్వరును ఆపలేరు. ఆమె సంతకము చేయకుండ ఇంటికి వచ్చుట తప్పు కాలేదు. చేసినదే మంచిపని. ఇక సెలవు ముగియగానే తిరిగి పోయి, ఆలోచించుకొనుచున్నానని వ్రాతలో చెప్పి, పనిలో కూర్చుండవలెను. గైరుహాజరు అను కొత్త నేరమునకు చోటు ఇవ్వరాదు.

వీధిలోవారికి చెప్పవలసిన సమాధానము ఇంకొకటి. ప్రొబేషనులో నెగ్గకపోవుట నేరము కాదని ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఎన్నో ఏండ్లుగా చెప్పుచున్నది. ఒక పని ఒకరికి పొసగలేదనుటకు మించి దానికి అర్థము లేదు. నేరమని చెప్పదలచినవారు రుజువు చేయవలెను. ఆ నియమము యజమానికి ఎట్లు వర్తించునో, ఇరుగుపొరుగునకు కూడ అట్లే వర్తించును. మీరు బడిలో ఎందరో పిల్లలకు పరీక్షలు పెట్టినవారు. తప్పినవానిని దొంగ యని మీరు ఎన్నడును పిలిచియుండరు. ఆ మాటనే మీ వీధి అరుగుమీద కూర్చుండి చెప్పుడు. మీరు చెప్పినచో విందురు.